పాచికల వివాదం: నియతి, యాదృచ్ఛికత, మన సాహిత్య విమర్శ

1

ఆధునిక భౌతికశాస్త్రం కార్యకారణ సంబంధాన్ని కొట్టివేసిందనే మాట మన సాహిత్య వ్యాసాల్లో తరచు వినిపిస్తుంది. ఆ మాట ఒంటరిగా రాదు. పదార్థమనేది లేదని తేలిపోయిందనీ, చూసేవాడే చూడబడేదాన్ని సృష్టిస్తున్నాడనీ, మన పూర్వులు మాయ అన్నది దీన్నేననీ మరికొన్ని మాటల్ని వెంటబెట్టుకొని వస్తుంది. దీనికి జవాబుగా అభ్యుదయ శిబిరంలో కొందరు మరో మాట అంటారు. శాస్త్రమంటేనే కార్యకారణ నియమమనీ, యాదృచ్ఛికత భావవాదుల కల్పన అనీ, చరిత్రలాగే ప్రకృతి కూడా అనివార్యమైన దారిలో నడుస్తుందనీ వారి వాదం.

ఈ రెండు వాదాలూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి. నిజానికి రెండింటి అడుగునా ఉన్నది ఒకే పొరపాటు. నియతివాదమే భౌతికవాదమని ఇద్దరూ నమ్ముతున్నారు. అందుకే నియతి కూలిందని వినగానే ఒకరికి సంబరం, మరొకరికి భయం. క్వాంటం సిద్ధాంతం చుట్టూ ఒక శతాబ్దంగా సాగిన వివాదాన్ని దాని చరిత్రతో సహా చదివితే ఈ సంబరమూ నిలవదు, భయమూ నిలవదు. హైసెన్‌బర్గ్ తొలి వ్యాసం 1925లో వెలువడింది. ఆ శతజయంతిని పురస్కరించుకొని ఐక్యరాజ్యసమితి 2025ను క్వాంటం శాస్త్ర సంవత్సరంగా ప్రకటించింది. ఆ చరిత్రను సాహిత్య విద్యార్థి ఒకసారి తిరగవేయడం అవసరం.

2

ప్రశ్న కొత్తది కాదు. ప్రపంచానికి మూలమేమిటని అడుగుతూ శ్వేతాశ్వతరోపనిషత్తు కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ అని పక్షాలను వరుసపెట్టింది. అంటే ఆనాటికే నియతివాదులూ ఉన్నారు, యదృచ్ఛావాదులూ ఉన్నారు. బుద్ధుని సమకాలికుడైన మక్ఖలి గోశాలుడు విసిరిన దారపు ఉండ విప్పుకున్నంత మేరా విప్పుకొని ఆగినట్లే జీవుడి ప్రయాణమూ ముందే కొలిచి పెట్టి ఉందన్నాడు. పురుష ప్రయత్నానికి అక్కడ చోటు లేదు. మన పల్లెల్లో నుదుటి రాత, రాసిపెట్టి ఉంది అనే మాటల వెనుక ఇటువంటి ఊహే ఉంది.

గ్రీసులో డెమొక్రిటస్ పరమాణువుల కదలికనంతా అవశ్యకతకు అప్పగించాడు. ఎపిక్యూరస్ దాన్ని ఒప్పుకోలేదు. పరమాణువు తన దారినుంచి కాస్త పక్కకు తొలుగుతుందనీ, ఆ తొలగడం లేకపోతే ప్రపంచం పుట్టదనీ ఆ సంప్రదాయం చెప్పింది. ఇక్కడ మన పాఠకులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. 1841లో జేనా విశ్వవిద్యాలయం మార్క్స్‌కు డాక్టరేటు ఇచ్చింది ఈ ఇద్దరు దార్శనికుల తేడా మీద రాసిన సిద్ధాంత వ్యాసానికే. అందులో ఆయన మొగ్గు డెమొక్రిటస్ వైపు కాదు, ఎపిక్యూరస్ వైపు. ఇనుప గొలుసులాంటి నియతి కన్నా ఆ గొలుసును తెంచే చిన్న తొలగింపులోనే యువ మార్క్స్‌కు తాత్విక బలం కనిపించింది. నియతివాదాన్ని మార్క్సిజానికి పర్యాయపదంగా వాడేవారు ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించాలి.

నియతివాదానికి నిండు రూపం ఇచ్చినవాడు లాప్లాస్. ఒకానొక క్షణంలో విశ్వంలోని అణువణువు స్థానాన్నీ, వాటి మీద పనిచేసే బలాలన్నింటినీ ఎరిగిన మహామేధస్సు ఉంటే దానికి గతమూ భవిష్యత్తూ ఒకేలా కళ్లముందు ఉంటాయని ఆయన 1814లో రాశాడు. రాసింది సంభావ్యత మీద పుస్తకంలోనే కావడం విశేషం. యాదృచ్ఛికత ప్రకృతిలో లేదు, మన అజ్ఞానంలో ఉంది అన్నది ఆయన అభిప్రాయం. దేవుణ్ణి పక్కకు తప్పించి ఆ పీఠం మీద సర్వజ్ఞతను కూర్చోబెట్టిన సిద్ధాంతం ఇది. ఫ్యూడల్ పెత్తనాల మీద పోరాడిన కాలంలో అది ప్రగతిశీలమే. కాని అందులో విధి పోలేదు, వేషం మార్చుకున్నదంతే.

ఈ సంగతిని ఎంగెల్స్ పసిగట్టాడు. ‘ప్రకృతి గతితర్కం’ రాతప్రతుల్లో ఆయన ఈ రకం నియతివాదాన్ని వెక్కిరించాడు. బఠానీ కాయలో గింజలు నాలుగో ఆరో కాక సరిగ్గా ఐదే ఉండటం కూడా అనాది నుంచి నిర్ణయమైపోయిందంటే ఆ మాటతో మనం తెలుసుకున్నదేమీ లేదు. యాదృచ్ఛికతను అవశ్యకతతో వివరించినట్టు కాలేదు సరికదా, అవశ్యకతనే యాదృచ్ఛికత స్థాయికి దిగజార్చినట్టయింది. ఇది ఆయన వాదం సారాంశం. ఆ రాతప్రతులు ఆయన బతికి ఉండగా అచ్చుకాలేదు. మాస్కోలో అవి వెలువడిన సంవత్సరం 1925. హైసెన్‌బర్గ్ వ్యాసం వచ్చిందీ ఆ ఏడే.

3

భౌతికశాస్త్రంలోకి యాదృచ్ఛికత తత్వవేత్తలు తోసుకురాగా రాలేదు, ప్రయోగశాల గుమ్మంలోంచే వచ్చింది. రేడియంను తీసుకోండి. ఇవాళ ఉన్న రేడియంలో సుమారు 1600 సంవత్సరాలకు సగం మిగులుతుంది. ఆ తర్వాత మరో 1600 ఏళ్లకు అందులో సగం. ఈ లెక్క తప్పదు. కాని ఏ పరమాణువు ఈ క్షణాన విచ్ఛిన్నమవుతుంది, ఏది పదివేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది అంటే చెప్పే దారి లేదు. మనిషికి ముసలితనం ఉంది, పరమాణువుకు లేదు. వెయ్యేళ్లుగా ఉన్న పరమాణువుకూ, నిన్న పుట్టిన పరమాణువుకూ రేపు విచ్ఛిన్నమయ్యే సంభావ్యత ఒక్కటే. సమూహానికి కచ్చితమైన నియమం, వ్యక్తికి యాదృచ్ఛికత. రెండూ ఒకే వస్తువులో.

1916లో పరమాణువు వెలుగును వదిలే ప్రక్రియకు లెక్క కట్టినప్పుడు ఐన్‌స్టీన్‌ కూడా ఏ క్షణాన, ఏ దిక్కున అన్నది యాదృచ్ఛికతకే వదలవలసి వచ్చింది. ఆ లోటు ఆయనను చివరిదాకా బాధించింది. 1926లో మాక్స్ బోర్న్ క్వాంటం తరంగానికి సంభావ్యత అనే అర్థం చెప్పాడు. పరమాణు ప్రపంచంలో నియతిని వదులుకోవడానికే తాను మొగ్గుతున్నాననీ, అయితే అది తాత్విక ప్రశ్న కనుక భౌతికశాస్త్ర వాదనలు మాత్రమే దాన్ని తేల్చలేవనీ ఆయన జాగ్రత్తగా రాశాడు. 1927లో అనిశ్చితత్వ సూత్రాన్ని ప్రకటించిన హైసెన్‌బర్గ్‌కు ఆ జాగ్రత్త లేదు. కార్యకారణ నియమం చెల్లదని ఇక నిశ్చయంగా స్థాపితమైందని ఆయన ముగించాడు. తరవాత లోకమంతా పాకింది హైసెన్‌బర్గ్ మాటే. బోర్న్ పెట్టిన షరతు పుస్తకాల అడుగున పడిపోయింది.

ఐన్‌స్టీన్ పాచికల మాట అన్నది ఈ సందర్భంలోనే. 1926 డిసెంబరులో బోర్న్‌కు రాసిన ఉత్తరంలో దేవుడు పాచికలాడతాడని తాను నమ్మలేనన్నాడు. మనకు పాచికలనగానే శకుని గుర్తుకొస్తాడు. ధర్మరాజుకు ప్రతి పందెమూ అదృష్టంలాగే కనిపించింది. వేసేవాడికి మాత్రం ఏ పందెం పడుతుందో ముందే తెలుసు. క్వాంటం పాచికలు శకుని పాచికలా, మామూలు పాచికలా? అంటే వాటి లోపల మనకు కనపడని నిర్ణాయకాంశాలు ఉన్నాయా, లేవా? వివాదమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది. దాగిన చరరాశుల సిద్ధాంతం అంటే ఇదే.

1927 అక్టోబరులో బ్రస్సెల్స్‌లో సాల్వే సభ జరిగింది. పాల్గొన్నవారు 29 మంది. అక్కడ ఫ్రెంచి శాస్త్రవేత్త డి బ్రోలీ కణానికి దారిచూపే తరంగం ఉంటుందనీ, కణం ఎప్పుడూ నిర్దిష్టమైన బాటలోనే నడుస్తుందనీ ప్రతిపాదించాడు. పౌలీ ఆక్షేపణ చెప్పాడు. సభలో ఆదరణ దొరకలేదు. కొద్దికాలానికి డి బ్రోలీయే దాన్ని విడిచిపెట్టాడు. 1932లో ఫాన్ నాయ్‌మన్ దాగిన చరరాశులు అసాధ్యమని గణితంతో రుజువు చూపాడు. దానితో తలుపు మూసేసినట్టే అందరూ అనుకున్నారు.

ఆ రుజువులో ఒక మూలసూత్రం నిరాధారంగా ఊహించినదని 1935లోనే ఒక స్త్రీ ఎత్తిచూపింది. ఆమె పేరు గ్రేట హెర్మన్. గణితజ్ఞురాలు, తత్వవేత్త, నాజీలను ఎదిరించిన సోషలిస్టు. మరుసటి ఏడే ఆమె దేశం విడిచి ప్రవాసానికి వెళ్లవలసి వచ్చింది. ఆమె విమర్శను దశాబ్దాల పాటు పట్టించుకున్నవారు లేరు. 1966లో జాన్ బెల్ వ్యాసం వచ్చాకనే ఆ రుజువు బలహీనత లోకానికి తెలిసింది. ఒక వాదం గెలిచిందంటే అది సరైనదని మాత్రమే అర్థం కాదు. ఎవరి మాట ఎవరికి వినపడింది, ఎవరిది వినపడలేదు అన్నది కూడా చరిత్రలో భాగమే.

4

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్తలు కార్యకారణ నియమాన్ని అంత తేలిగ్గా ఎందుకు వదిలేశారు? 1971లో పాల్ ఫోర్మన్ అనే చరిత్రకారుడు దీనికి సామాజిక కారణం చెప్పాడు. మొదటి యుద్ధంలో ఓడిన జర్మనీలో హేతువు మీద, యంత్రం మీద, కార్యకారణ నియమం మీద ఏవగింపు పెరిగింది. స్పెంగ్లర్ రాసిన ‘పాశ్చాత్య ప్రపంచ పతనం’ అప్పటి చదువరుల చేతుల్లో ఉంది. ఆ వాతావరణంలో గౌరవం నిలుపుకోవడానికి భౌతికశాస్త్రజ్ఞులు నియతిని వదులుకోవడానికి ముందే సిద్ధపడి ఉన్నారన్నది ఫోర్మన్ వాదన.

సమాజానికీ శాస్త్రానికీ ఉన్న లంకెను చూపింది కనుక ఈ వాదన మనకు ఆకర్షణీయంగా ఉంటుంది. కాని దీన్ని పూర్తిగా మింగకూడదు. రేడియం విచ్ఛిన్నాన్ని వైమార్ జర్మనీ కనిపెట్టలేదు. ఐన్‌స్టీన్ 1916 లెక్క స్పెంగ్లర్ మొదటి సంపుటం కన్నా రెండేళ్లు ముందుది. సమస్య శాస్త్రం లోపలే పుట్టింది. దానికి ఎంచుకున్న భాషలో, ఇక నిశ్చయం అన్న తొందరలో, కాలపు ముద్ర పడింది. ఒక కవి మీద యుగప్రభావాన్ని చర్చించేటప్పుడు కూడా మనం ఈ తేడా పాటించాలి. యుగం కవితకు వాతావరణమిస్తుంది. కవితను యుగం రాయదు.

5

ఈ చరిత్రలో అభ్యుదయ రచయితలు తప్పక తెలుసుకోవలసిన అధ్యాయం 1947 తర్వాతది.

ఆ సంవత్సరం సోవియట్ భౌతికశాస్త్రజ్ఞుడు మార్కోవ్ ఒక తాత్విక పత్రికలో క్వాంటం సిద్ధాంతం మీద వ్యాసం రాశాడు. బోర్ ఆలోచనలకు భౌతికవాద దృష్టితో సమన్వయం కుదర్చడానికి ప్రయత్నించాడు. 1948 ఏప్రిల్‌లో మాక్సిమోవ్ అనే తాత్వికుడు దాని మీద విరుచుకుపడ్డాడు. ఆ దాడి అచ్చయింది భౌతికశాస్త్ర పత్రికలో కాదు, ‘లితరతూర్నయ గజెత’ అనే సాహిత్య పత్రికలో. మార్కోవ్ వ్యాసాన్ని ప్రచురించిన తాత్విక పత్రిక సంపాదకుడు కేద్రోవ్ పదవి పోయింది. ఎలక్ట్రాన్ ఎలా నడవాలో సాహిత్య పత్రిక పుటల్లో తీర్పు చెప్పినవారు దాన్ని భౌతికవాద రక్షణ అని పిలుచుకున్నారు. ఇది మన శిబిరం చరిత్రలోని సంగతి. దాచుకోవలసిన పని లేదు, మరిచిపోకూడదు కూడా.

దానికి జవాబు కూడా ఆ దేశంలోంచే వచ్చింది. లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త ఫోక్ తాను గతితార్కిక భౌతికవాదినని చెప్పుకుంటూనే, భౌతిక సిద్ధాంతాల మీద తెలియని విమర్శ వద్దని 1953లో బాహాటంగా రాశాడు. ఫోక్ దృష్టిలో సంభావ్యత మన అజ్ఞానానికి పేరు కాదు. అది వస్తువులోనే ఉన్న శక్యత, మనం చూసినా చూడకపోయినా ఉండే వాస్తవ లక్షణం. అంటే యాదృచ్ఛికత కూడా భౌతిక సత్యమే కావచ్చు. బ్లొహింత్సెవ్ అనే మరో సోవియట్ శాస్త్రవేత్త క్వాంటం నియమాలు ఒంటరి కణానికి కాక కణసమూహాలకే వర్తిస్తాయన్నాడు. ఒకే దేశంలో, ఒకే తాత్విక నిష్ఠతో, రెండు వ్యాఖ్యానాలు.

అదే కాలంలో సముద్రానికి ఆవలి ఒడ్డున డేవిడ్ బోమ్ కథ నడిచింది. పెన్సిల్వేనియాలో 1917లో పుట్టిన బోమ్ ఓపెన్‌హైమర్ శిష్యుడు. 1942లో కొద్ది నెలలు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. ప్రిన్స్‌టన్‌లో అధ్యాపకుడుగా ఉండగా 1949లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ సంఘం అతణ్ణి పిలిచింది. తోటివారి పేర్లు చెప్పడానికి నిరాకరించాడు. 1950 డిసెంబరులో అరెస్టయ్యాడు. 1951లో కోర్టు నిర్దోషి అన్నది. విశ్వవిద్యాలయం మాత్రం ఉద్యోగాన్ని కొనసాగించలేదు. ఆ అక్టోబరులో బ్రెజిల్‌లోని సావోపావ్లోకు వెళితే అక్కడి అమెరికన్ కాన్సలేటు అతని పాస్‌పోర్టు లాగేసుకుంది.

1952 జనవరిలో అతని రెండు వ్యాసాలు వెలువడ్డాయి. ఫాన్ నాయ్‌మన్ అసాధ్యమన్నదాన్ని బోమ్ చేసి చూపించాడు. కణానికి ఎప్పుడూ ఒక స్థానముంది. దానికి దారిచూపే తరంగముంది. యాదృచ్ఛికత మనకు తొలి స్థానం కచ్చితంగా తెలియకపోవడం వల్ల వచ్చేదే. ఈ లెక్కతో వచ్చే ఫలితాలు మామూలు క్వాంటం ఫలితాలే. అంటే ప్రయోగం రెండింటినీ వేరుచేయదు. 1927లో డి బ్రోలీ వదిలేసిన ఆలోచన పావు శతాబ్దం తర్వాత సమగ్రంగా తిరిగొచ్చింది. డి బ్రోలీ మళ్లీ దానివైపు తిరిగాడు. పారిస్‌లో వీజియే అనే కమ్యూనిస్టు శాస్త్రవేత్త బోమ్‌కు తోడయ్యాడు.

మరి బోమ్‌ను తీవ్రంగా ఖండించినవాళ్లలో ముఖ్యుడెవరు? లియోన్ రోసెన్‌ఫెల్డ్. బోర్‌కు సన్నిహిత సహచరుడు, తానూ మార్క్సిస్టే. వెనక్కి యాంత్రిక నియతికి పోవడం గతితర్కం కాదనీ, బోర్ చెప్పిన పరస్పర పూరకత్వమే నిజమైన గతితార్కిక దృష్టి అనీ అతను వాదించాడు. బోమ్‌కు నియతి పక్షం భౌతికవాదంగా తోచింది. రోసెన్‌ఫెల్డ్‌కు అదే పాత అధిభౌతికంగా తోచింది. ఇద్దరూ ఒకే గురువుల్ని ఉదహరించగలరు.

దీనినుంచి మనం గ్రహించవలసింది ఒకటే. రాజకీయ విశ్వాసం నుంచి భౌతికశాస్త్ర వ్యాఖ్యానం నేరుగా ఊడిపడదు. వస్తువు మన మనసుకు బయట, మన మనసుతో నిమిత్తం లేకుండా ఉందా అన్నది భౌతికవాదం అడిగే ప్రశ్న. ఉన్న ఆ వస్తువు కచ్చితమైన ఒకే దారిలో నడుస్తుందా, సంభావ్యతతో నడుస్తుందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఔనన్నవాడు రెండోదానికి ఏ జవాబైనా చెప్పవచ్చు. ఈ రెంటినీ కలగలిపినందువల్లే ఒక చోట సంపాదకుడి పదవి పోయింది. మరో చోట కమ్యూనిస్టు అన్న ముద్ర ఒక శాస్త్రజ్ఞుణ్ణి దేశంకాని దేశంలో నిలబెట్టింది.

బోమ్ కూడా కేవల నియతివాదిగా ఆగిపోలేదు. 1957లో వచ్చిన అతని పుస్తకం కార్యకారణత్వాన్నీ యాదృచ్ఛికతనూ కలిపి చర్చించింది. ప్రకృతికి లెక్కలేనన్ని అంతస్తులున్నాయి, ఒక అంతస్తులో యాదృచ్ఛికంగా కనిపించింది దాని కింది అంతస్తులో నియమబద్ధం కావచ్చు, ఆ నియమం అడుగున మళ్లీ కొత్త యాదృచ్ఛికత ఉండవచ్చు అని అందులో వాదించాడు. 1956 సంఘటనల తర్వాత అతను మార్క్సిజానికి దూరమయ్యాడు. 1961లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని కలిశాడు. 1980లో వారిద్దరి మధ్య సాగిన సంభాషణలు 1985లో పుస్తకంగా వచ్చాయి. తెలుగు చదువరుల్లో చాలామందికి తెలిసిన బోమ్ ఈ బోమే. పాస్‌పోర్టు పోగొట్టుకొని సావోపావ్లోలో కూర్చున్న బోమ్ తెలియడు. ఆ ఇద్దరినీ కలిపి చూడకపోతే అతని పేరుతో ఆధ్యాత్మికతను నిరూపించడం సులువవుతుంది.

6

ఈ వివాదాన్ని వాదోపవాదాల స్థాయినుంచి ప్రయోగశాలకు తెచ్చినవాడు బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన జాన్ బెల్. బోమ్ వ్యాసాలు చదివిన నాటినుంచి అతనికి నిద్రపట్టని ప్రశ్న ఒకటే. బోమ్ సిద్ధాంతంలో ఒక చోటి కణం కదలిక ఎంతో దూరాన ఉన్న కణం మీద అప్పటికప్పుడు ఆధారపడుతోంది. ఇది ఆ సిద్ధాంతపు లోపమా, లేక ప్రకృతి లక్షణమా?

ఒక జత చెప్పుల్లో ఒకటి విజయవాడకు, ఒకటి వరంగల్లుకు మూటకట్టి పంపామనుకోండి. విజయవాడలో మూట విప్పి ఎడమకాలి చెప్పు చూస్తే వరంగల్లులో ఉన్నది కుడికాలిదని వెంటనే తెలుస్తుంది. ఇందులో వింత లేదు, బయలుదేరినప్పుడే నిర్ణయమైపోయింది. జంటగా పుట్టిన క్వాంటం కణాల మధ్య కనిపించే పొంతన కూడా ఇలాంటిదేనా? అవి బయలుదేరేటప్పుడే ఆదేశాలు మూటకట్టుకొని వెళితే, వాటి పొంతనకు ఒక హద్దు ఉండాలని బెల్ 1964లో గణితంతో చూపాడు. తరవాత ప్రయోగాలకు అనువుగా దిద్దిన రూపంలో ఆ హద్దు 2. క్వాంటం సిద్ధాంతం ప్రకారం అది 2.83 దాకా పోవచ్చు.

1972లో బర్క్‌లీలో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ చేసిన ప్రయోగం క్వాంటం వైపే మొగ్గింది. 1982లో పారిస్ దగ్గర ఓర్సేలో అలేన్ ఆస్పె బృందానికి వచ్చిన విలువ 2.697. 2015లో డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరాన ఉన్న ఎలక్ట్రాన్ల మీద, పాత ప్రయోగాల్లో మిగిలిన ముఖ్యమైన సందులను పూడ్చి చేసిన పరీక్షలోనూ హద్దు దాటింది. 2022 నోబెల్ బహుమతి ఆస్పె, క్లౌజర్, త్సైలింగర్ ముగ్గురికీ వచ్చింది. 1990లో మరణించిన బెల్ ఆ రోజు చూడలేదు.

ఇంతకీ నిరూపితమైనదేమిటి? యాదృచ్ఛికత గెలిచిందని పత్రికలు రాశాయి. అది సరికాదు. ఓడింది చెప్పుల మూట మాత్రమే. అనగా ఏ కణానికి ఆ కణం తన ఆదేశాలను తనలోనే మోసుకుపోతుందనే ఊహ. దూరాన్ని లెక్కచేయని నియతి ఓడలేదు. బోమ్ సిద్ధాంతం ఈ పరీక్షలన్నింటికీ తట్టుకొని నిలిచే ఉంది. 1957లో ఎవరెట్ ప్రతిపాదించిన బహుప్రపంచాల వ్యాఖ్యానం కూడా నియతమైనదే, అదీ నిలిచింది. రెండో వైపు 1986లో గిరార్డి, రిమినీ, వేబర్ యాదృచ్ఛికతనే ప్రకృతి సూత్రంలో చేర్చి ఒక సిద్ధాంతం కట్టారు. అదీ పోటీలో ఉంది. బోర్న్ 1926లో పెట్టిన షరతు ఇవాళ్టికీ చెల్లుతుంది. నియతా, యాదృచ్ఛికతా అన్నది ప్రయోగం ఇంకా తేల్చలేదు. మనిషి మనసు పదార్థాన్ని సృష్టిస్తుందన్న మాటనైతే ఈ ప్రయోగాల్లో ఏ ఒక్కటీ చెప్పలేదు. ఆ పరికరాలు ఎవరూ చూడకపోయినా అంకెలు నమోదు చేస్తూనే ఉంటాయి.

7

సాహిత్యానికి ఇదంతా ఎందుకు?

ఎందుకంటే నియతివాదం నవలలోకి వచ్చిన దారి మనకు తెలుసు. జోలా 1880లో ‘ప్రయోగాత్మక నవల’ అనే వ్యాసంలో వైద్యశాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్ పద్ధతిని నవలకు వర్తింపజేయాలన్నాడు. వంశపారంపర్యం, పరిసరాలు కలిసి పాత్రను నిర్ణయిస్తాయి. రచయిత ప్రయోగం చేసి ఫలితం నమోదు చేస్తాడు. ఆ దృష్టితో 20 నవలల మాల పూర్తిచేశాడు. అవి గొప్పవి కావని అనలేం. అయితే 1936లో లుకాచ్ ఒక వ్యాసంలో జోలా ‘నానా’లోని గుర్రపు పందేన్నీ, టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’లోని పందేన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. జోలా వర్ణన సంపూర్ణం. కాని ఆ పందెం కథకు అతికించినట్టుంటుంది. టాల్‌స్టాయ్‌లో గుర్రం పడటం యాదృచ్ఛికం. ఆ పడటంతో అన్నా జీవితం మలుపు తిరుగుతుంది. యాదృచ్ఛికం లేకుండా కథ లేదు, యాదృచ్ఛికాన్ని మానవ సంబంధాల అవశ్యకతలోకి ఎత్తడమే కళ అని ఆయన తేల్చింది.

‘కన్యాశుల్కం’లో చూడండి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు అమ్మడం పారడమన్నది యాదృచ్ఛికాల మీద నడిచిన పని. ఎక్కడ ఎవరు పోల్చుకున్నా కథ తలకిందులు. అయినా అది మనకు కట్టుకథగా తోచదు. ఆడపిల్లను కొనుక్కునే ఆచారం, ముసలివాడి పెళ్లియావ, డబ్బు పిసినారితనం ఉన్న చోట అటువంటి వేషం పారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. నియమం నేలలాంటిది. సంఘటన ఆ నేలలో ఎక్కడో ఒక చోట మొలుస్తుంది. ఎక్కడ మొలిచేదీ నేల చెప్పదు.

మన కథల్లో రెండు రోగాలున్నాయి. ఒకటి, అప్పుల్లో కూరుకున్న రైతు చివరి పేజీలో ఎలాగూ చనిపోతాడని మొదటి పేజీలోనే తెలిసిపోయే కథ. దోపిడీ నియమం అక్కడ నుదుటి రాతగా మారిపోయింది. భాష మాత్రం మనది, తత్వం గోశాలుడిది. రెండోది, లోకానికి అర్థం లేదు కనుక కథకూ పొందిక అక్కరలేదని, దానికి క్వాంటం శాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచే కథ. రేడియం సగం తగ్గే కాలం అణువంత కూడా తప్పదన్న సంగతి ఆ రచయితకు తెలియదు.

ఇక స్వేచ్ఛ మాట. నియతి పోతే మనిషికి స్వేచ్ఛ దొరికినట్టేనని కొందరంటారు. పాచికలు నా నిర్ణయాన్ని వేస్తే అది నా నిర్ణయమెలా అవుతుంది? గొలుసు కట్టినవాడు స్వేచ్ఛగా లేడు, గాలికి కొట్టుకుపోయే ఆకూ స్వేచ్ఛగా లేదు. స్వేచ్ఛ ఎలక్ట్రాన్‌లో దొరకదు. నియమాన్ని తెలుసుకొని, అది వదిలిన సందులో పదిమందితో కలిసి పనిచేయడంలో దొరుకుతుంది. చరిత్రలో యాదృచ్ఛికాలకు పాత్రే లేకపోతే అది మంత్రతంత్రం అయిపోతుందని మార్క్స్ 1871 ఏప్రిల్‌లో, పారిస్ కమ్యూన్ రోజుల్లో, కూగెల్‌మన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. గెలుపు ఖాయమైతేనే పోరాడతామనేవారికి ఆయనిచ్చిన జవాబది.

అణువుకు, మనిషికి పోలిక ఇక్కడితో ఆపాలి. రేడియం అణువుకు తాను ఎప్పుడు విచ్ఛిన్నమవుతానో తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. మనిషికి తన స్థితి తెలుస్తుంది, తెలిశాక ఆ స్థితే మారుతుంది. అందువల్ల ఎలక్ట్రాన్ నుంచి విప్లవాన్ని గాని, విధిని గాని నిరూపించడం శాస్త్రం కాదు. భౌతికశాస్త్రజ్ఞులు నూరేళ్లుగా తేల్చలేకపోయిన ప్రశ్నను ఒక సాహిత్య సభ తీర్మానం తేల్చదు. 1948లో ఒక సాహిత్య పత్రిక ఆ పని చేయబోయి ఏమయిందో చూశాం. మన పని వేరే ఉంది. పాత్ర ముందు రెండు దారులున్నప్పుడు, ఆ రెంటినీ పాఠకుడికి నిజంగా దారులుగానే కనపడేటట్టు రాయడం, ఆ దారులను ఎవరు ఏ ప్రయోజనం కోసం వేశారో చూపడం. ఆ పనికి ఏ శాస్త్ర సాక్ష్యమూ అక్కరలేదు.